ఎదురు కర్ర లేని సాము

కార్తీక అమావాస్య దగ్గరపడితే కారంపూడి దారులన్నీ జనంతో నిండిపోతాయి. నాగులేటి ఒడ్డున వీరుల గుడి దగ్గర ఐదు రోజుల ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని రోజుకో పేరు. వీరాచారవంతులు ఆయుధాలు పట్టుకుని ఊళ్ల నుంచి తరలివస్తారు. ఇక్కడ పూజలందుకునేవి ఆ ఆయుధాలే. సుమారు 1182లో మాచర్ల, గురజాల దాయాదుల మధ్య జరిగిన పోరులో నేలకొరిగిన వీరుల పేర్లు ఎనిమిది వందల ఏళ్లు దాటినా పల్నాటి నోట నానుతూనే ఉన్నాయి.

ఆ గాథ ఎంత దూరం పాకిందంటే, వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధిలో పల్నాటి వీరుల కథ పాడే ఘట్టం వస్తుంది. శ్రీనాథుడి పేరున ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. ఆ వీరుల్లో ఒకడైన బాలచంద్రుడి బొంగరాలాట తెలియని పిల్లలు ఈ సీమలో తక్కువ. అయితే బొంగరం వదిలిన ఆ చెయ్యి కత్తి పట్టేలోపు ఏ సాధన చేసిందన్న చోట పాట ఎక్కువసేపు నిలవదు. పాటకు యుద్ధం ముఖ్యం. విజ్ఞానశాస్త్రానికి ఆ నడిమి కాలం ముఖ్యం. నేర్చిన విద్య ఆపదలో అక్కరకొస్తుందా, ఊరేగింపులో అందంగా మిగిలిపోతుందా అన్నది తేలేది అక్కడే.

దసరాకో, పీర్ల పండక్కో కర్రసాము చూడనివాళ్లు పల్లెటూళ్లలో అరుదు. డప్పు దరువు మారగానే కర్ర వేగం మారుతుంది. కాసేపటికి కర్ర కంటికి ఆనదు, గాలిని కోస్తున్న చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. తర్వాత ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. తలకు ఒకటి, భుజానికి ఒకటి, మోకాలికి ఒకటి, మళ్లీ తలకు. కర్రకు కర్ర టకటకా తగులుతుంది. ఒక్క వేటు కూడా గురి తప్పదు, ఒక్కరికీ దెబ్బ తగలదు. జనం ఈలలు వేస్తారు. వస్తాదు మెడలో దండ పడుతుంది.

ఒక్కరికీ దెబ్బ తగలలేదు. ఈ మాట దగ్గర ఆగి, చిన్న లెక్క వేద్దాం.

ఐదడుగుల వెదురు కర్ర. ఒక చివర పట్టుకుంటే చేతి బయటకు నాలుగడుగులు, అంటే సుమారు 1.2 మీటర్లు ఉంటుంది. సెకనుకు రెండు చుట్లు తిప్పితే కర్ర కొస వేగం సెకనుకు 15 మీటర్లు. గంటకు 54 కిలోమీటర్లు. ఇద్దరి మధ్య మీటరున్నర ఖాళీ ఉందనుకుంటే, కొస ఆ దూరాన్ని దాటడానికి పట్టే సమయం సెకనులో పదో వంతు. ఇక మనిషి సంగతి. కంటికి ఏదో కనబడి, చెయ్యి కదలడం మొదలయ్యేసరికి సుమారు 0.2 సెకన్లు గడుస్తాయి. అదీ ఏం రాబోతోందో, ఏం చెయ్యాలో ముందే తెలిసినప్పుడు. వేటు తలకా, నడుముకా, కాలికా అన్న సందేహం ఉంటే ఇంకా ఆలస్యం. ఎంచుకోవాల్సిన దారులు పెరిగేకొద్దీ స్పందన ఎలా మందగిస్తుందో విలియం హిక్ అనే శాస్త్రవేత్త 1952లోనే కొలిచి చూపించాడు. కర్రను చూసి కాచుకుందామని నిలబడినవాడికి దెబ్బ ముందు తగులుతుంది, చెయ్యి తర్వాత లేస్తుంది.

మరి ఆరితేరినవాళ్లు ఎలా కాచుకుంటారు? వాళ్ల చూపు కర్ర మీద ఉండదు. వేటు వేసేవాడి ముందు పాదం నేలను నొక్కుతుంది, నడుము తిరుగుతుంది, భుజం కాస్త వెనక్కి పోతుంది. ఆ తర్వాతే కర్ర బయల్దేరుతుంది. ఒంటి కదలికలోనే వేటు ఎటు రాబోతోందో రాసి ఉంటుంది. చదవడం వచ్చినవాడికి ఆ పదో వంతు సెకను చాలు. ఎందుకంటే వాడు అంతకు ముందే కదిలి ఉంటాడు.

ఈ చదువు ఒక్క పాఠశాలలోనే దొరుకుతుంది. ఎదుటివాడు నిజంగా తాకించాలని చూడాలి, ఎటు నుంచి వస్తాడో చెప్పకూడదు. తల, భుజం, మోకాలు, తల అని వరస ముందే ఖరారైన చోట కంటికి పనిలేదు. అక్కడ జ్ఞాపకం పనిచేస్తుంది. ఏళ్ల తరబడి అలా సాధన చేసిన కుర్రాడి చేతులు బలపడతాయి, భుజాలు తిరుగుతాయి, కర్ర వేళ్లలో నాట్యమాడుతుంది. కానీ ఎదుటి మనిషిని చదవడం అనే అసలు పాఠం మొదలే కాలేదు.

క్రికెట్ తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. బంతులు విసిరే యంత్రం ముందు వందల బంతులు ఆడించి పిల్లల్ని తయారు చేయడం అకాడమీల్లో మామూలే. ఆస్ట్రేలియాలో పిండర్, రెన్‌షా, డేవిడ్స్ అనే పరిశోధకులు 2009లో యువ బ్యాటర్లను యంత్రం ముందూ, నిజమైన బౌలర్ ముందూ ఆడించి వీడియోలు పరిశీలించారు. బ్యాట్ వెనక్కి ఎత్తే క్షణం, ముందు కాలు కదిలే క్షణం రెండు చోట్లా ఒకటిగా లేవు. యంత్రానికి మణికట్టు లేదు, భుజం లేదు. చదవడానికి ఏమీ లేనప్పుడు ఒళ్లు వేరే రకంగా ఆడడం నేర్చుకుంటుంది. ఖరారు చేసుకున్న కర్రసాము కూడా అలాంటి యంత్రమే.

ఇంకో ముఖ్యమైన సంగతి వంద ఏళ్ల కింద మాస్కోలో బయటపడింది. 1920లలో నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ అనే శాస్త్రవేత్త సుత్తితో ఉలి మీద కొట్టే కార్మికుల చేతులకు చిన్న బల్బులు కట్టి, ఒక్కో దెబ్బకూ చెయ్యి నడిచిన దారిని ఫొటోల్లో పట్టుకున్నాడు. చెయ్యి తిరిగిన పనివాడు ప్రతిసారీ ఒకే దారిలో చెయ్యి తిప్పుతాడని ఎవరైనా అనుకుంటారు. ఫొటోల్లో కనిపించింది వేరు. ఏ రెండు దెబ్బలకూ మోచెయ్యి, భుజం ఒకే దారిలో నడవలేదు. సుత్తి మాత్రం ప్రతిసారీ ఉలి నెత్తినే పడింది. పనితనం అంటే ఒకే కదలికను అచ్చు గుద్దినట్టు మళ్లీ మళ్లీ చేయడమని మనం అనుకుంటాం. బెర్న్‌స్టెయిన్ చూసింది ఒకే సమస్యను ప్రతిసారీ కొత్తగా పరిష్కరించడం. మన కమ్మరి కొలిమి దగ్గర కాసేపు కూర్చుంటే ఇదే కనబడుతుంది. ఇనుము ఎప్పుడూ ఒకేలా ఉండదు, దెబ్బా ఒకేలా ఉండదు.

అయితే వస్తాదులు వరస సాధననే ఎందుకు ఇష్టపడతారు? వాళ్లను తప్పుపట్టడానికి లేదు. వరసలో నేర్పితే పిల్లలు త్వరగా అందుకున్నట్టు కనిపిస్తుంది. 1979లో జాన్ షే, రాబిన్ మోర్గన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం ఈ కనికట్టును విప్పింది. చేత్తో చిన్న చెక్క పలకలను వరసగా పడగొట్టే పని. అందులో మూడు రకాలు. ఒక గుంపు ఒక్కో రకాన్ని పూర్తిగా సాధన చేసి రెండోదానికి వెళ్లింది. రెండో గుంపుకు మూడు రకాలూ కలగాపులగంగా ఇచ్చారు. సాధన చేస్తున్నప్పుడు మొదటి గుంపే చురుగ్గా ఉంది. పది రోజుల తర్వాత పరీక్ష పెడితే కలగాపులగంగా నేర్చుకున్నవాళ్లదే పైచేయి. తడబడుతూ నేర్చుకున్నది ఒంటికి పట్టింది. కానీ తడబాటును వార్షికోత్సవ వేదిక మీద ఎవరు చూపిస్తారు?

ప్రాచీన విద్యలన్నీ ఇలా బొమ్మలైపోలేదు. పల్నాటి యుద్ధానికి అర్ధ శతాబ్దం ముందు కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసం మల్లుల తిండి, కసరత్తు, పట్లు, తరగతుల గురించి వివరంగా చెబుతుంది. బరువులెత్తడం, ఈత ఒక పక్క, తోటి మల్లుడితో పెనుగులాట ఇంకో పక్క. కుస్తీ గోదాలో ఆ సంప్రదాయం తెగలేదు. దండీలు, బస్కీలు అయ్యాక మట్టిలో దిగి, లొంగని ఒంటితో రోజూ పెనుగులాడాల్సిందే. 1878లో పుట్టిన గామా పహిల్వాన్ ఆ సాధనలో పెరిగినవాడే. 1910లో లండన్ వెళ్లి అమెరికన్ మల్లుడు బెంజమిన్ రోలర్‌ను ఓడించాడు. అదే ఏడాది సెప్టెంబరు 10న పోలెండ్ మల్లుడు జిబిష్కో గామాకు దొరక్కుండా రెండు గంటలకు పైగా నేలకు కరుచుకుని ఉండిపోయాడు. వారం తర్వాత జరగాల్సిన రెండో పోటీకి రానేలేదు. 1928లో పాటియాలాలో మళ్లీ తలపడితే నిమిషం లోపే గామా గెలిచాడు. గామా విద్య ఎంత పాతదో, సాధన అంత నిజమైనది.

జపాన్‌లో ఈ వరస సాధన సమస్యను ఒక బడిపంతులు పట్టించుకున్నాడు. జిగోరో కానో 1882లో టోక్యోలోని ఒక బౌద్ధ దేవాలయంలో, పన్నెండు చాపలు పట్టేంత గదిలో, తొమ్మిది మంది శిష్యులతో జూడో మొదలుపెట్టాడు. పాత జుజుత్సులో ఎముకలు విరిచే పట్లు, ప్రాణం తీసే దెబ్బలు ఉన్నాయి. ప్రాణం తీసేవి కాబట్టే వాటిని తోటివాడి మీద పూర్తి బలంతో ఎవరూ సాధన చేయలేరు. కానో వాటిని వరస సాధనకు పరిమితం చేసి, పడేయడం, అదిమిపట్టడం లాంటి పట్లతో ఇద్దరూ గెలవాలనే పట్టుదలతో పెనుగులాడే సాధనను నడిబొడ్డున పెట్టాడు. చిత్రమేమిటంటే, ప్రమాదకరమైన పట్లు తీసేసిన విద్యే పోటీల్లో నెగ్గుకొచ్చింది. రోజూ పూర్తి బలంతో వాడే మామూలు పట్టు, ఎన్నడూ వాడి చూడని మారణాస్త్రం కన్నా నమ్మకమైనది. కత్తిసాములోనూ అంతే. 18వ శతాబ్దంలోనే జపాన్ వాళ్లు వెదురు బద్దల కత్తి, ముఖానికి ఛాతీకి కవచం తయారు చేసుకుని నిజంగా కొట్టుకునే వీలు కల్పించుకున్నారు. ఇప్పటి కెండో ఆ దారిలో వచ్చిందే.

ఈ మెలకువ కొరవడితే ఏమవుతుందో 2017 ఏప్రిల్‌లో చైనా చూసింది. చెంగ్డూ నగరంలో తాయ్‌చీ గురువుగా పేరున్న వెయ్ లెయ్, ఆధునిక పోటీ యోధుడు షు షియావోడాంగ్ తలపడ్డారు. పోరు అర నిమిషం కూడా సాగలేదు. గురువు నేల మీద ఉన్నాడు. చైనా అంతటా పెద్ద దుమారం రేగింది. దీన్ని తాయ్‌చీ ఓటమిగా కొందరు చాటారు. ఆ తీర్పు తొందరపాటు. వయసు పైబడినవాళ్లు తూలి పడిపోవడాన్ని తాయ్‌చీ సాధన సుమారు ఐదో వంతు తగ్గించవచ్చని 2019 నాటి కాక్రేన్ సమీక్ష చెబుతోంది. నెమ్మదిగా, నిలకడగా చేసిన సాధన నిలకడనే ఇచ్చింది. ఒళ్లు దేనికి అలవాటుపడితే దాన్నే ఇస్తుంది. చెంగ్డూలో అడిగింది ఇంకొకటి.

పెనుగులాటలో ఒంటితో పాటు భయమూ దిగుతుంది. గుండె దడదడలాడుతుంది, చూపు ఇరుకవుతుంది, వేళ్లు మొద్దుబారతాయి. నెదర్లాండ్స్‌లో పోలీసుల మీద జరిగిన ఒక పరిశోధన ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు దాన్ని 2011లో ప్రచురించారు. కొందరు పోలీసులు అట్ట బొమ్మల మీద తుపాకి గురి సాధన చేశారు. మిగతావాళ్లు రంగు సబ్బు తూటాలతో తిరిగి కాల్చే మనుషులకు ఎదురు నిలబడి సాధన చేశారు. సబ్బు తూటా ప్రాణం తీయదు కానీ తగిలితే చురుక్కుమంటుంది. శిక్షణకు ముందు ఒత్తిడిలో అందరి గురీ చెదిరింది. శిక్షణ తర్వాత రెండో గుంపు మాత్రం ఒత్తిడిలోనూ గురి నిలుపుకుంది. నెలలు గడిచాక పరీక్షించినా ఆ తేడా చెరగలేదు. భయాన్ని కొద్ది కొద్దిగా సాధనలోకి రానిస్తే, నిజమైన ఆపదలో అది కొత్త చుట్టంలా వచ్చి కూర్చోదు.

పల్నాడులో ఇలాంటి సాధన అసలే లేదనుకుంటే పొరపాటు. చెడుగుడు బరి దగ్గరికి వెళ్లండి. కూతకు వెళ్లినవాడు ఊపిరి బిగపట్టి, అటు ఏడుగురి కళ్లలోకి చూస్తూ, ఏ కాలు ముందుకొస్తుందో, ఏ చెయ్యి గొలుసు తెగుతుందో కనిపెడతాడు. వాళ్లూ వీడి తుంటి వైపే చూస్తుంటారు. కాలు పట్టు దొరికితే లాగేస్తారు. నిజంగానే లాగుతారు. నేటి కబడ్డీ నిబంధనల్లో బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. కూతకు 30 సెకన్లు. ఆ కాస్త సమయంలో చదవడం, నిర్ణయించడం, విడిపించుకోవడం, పారిపోవడం అన్నీ ఉన్నాయి. దెబ్బలాటకు దిగినవాడికి కావలసిన గుణాల్లో చాలావాటిని యుద్ధవిద్య అన్న పేరు లేని ఈ ఆట నేర్పుతోంది. చెడుగుడు ఆడిన కుర్రాడికి పది రకాల కర్ర తిప్పుళ్లు రాకపోవచ్చు, గట్టిగా పట్టుకున్న చెయ్యి అతనికి కొత్త కాదు.

ఇదంతా పల్నాటి పౌరుషం గురించిన ముచ్చటగా మిగిలిపోకూడదు. ఇవాళ అసలు అవసరం ఆడపిల్లలది. ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు చదివే అమ్మాయిల కోసం సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి పేరిట మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. చాలాచోట్ల కరాటే నేర్పుతారు. తెల్ల దుస్తుల్లో వరసలు కట్టి, ఒక్క గొంతుతో అరుస్తూ గాలిలోకి గుద్దే పిల్లల్ని చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. ఆ గొంతు విప్పడం చిన్న విషయం కాదు.

కానీ ఒక్క పట్టును దగ్గర నుంచి చూడండి. మణికట్టు పట్టుకుంటే విడిపించుకోవడం. పట్టుకున్నవాడి బొటనవేలు, మిగతా వేళ్లు కలిసే సందు దగ్గర పట్టు బలహీనంగా ఉంటుంది. మణికట్టు సన్నటి అంచును ఆ సందు వైపు తిప్పి, మోచేతిని ముందుకు నెట్టి గుంజితే చెయ్యి ఊడివస్తుంది. సూత్రం నూటికి నూరు పాళ్లు సరైనదే. ప్రదర్శనలో తోటి విద్యార్థిని మెత్తగా పట్టుకుంటుంది, సమయానికి వదిలేస్తుంది. బయట పట్టుకునేవాడు చెయ్యి పట్టి ఊరుకోడు. లాగుతాడు, గోడకు నెడతాడు, రెండో చెయ్యి వేస్తాడు. చాలాసార్లు వాడు తెలిసినవాడే అయి ఉంటాడు. అరవాలా వద్దా, అల్లరి అవుతుందా అన్న సంకోచంలోనే సగం సమయం పోతుంది.

కెనడాలో చార్లీన్ సెన్ బృందం మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది మొదటి సంవత్సరం విద్యార్థినులతో చేసిన పరీక్ష 2015లో వెలువడింది. సగం మందికి మూడేసి గంటల చొప్పున నాలుగు తరగతులు, మిగతావారికి కరపత్రాలు. తరగతుల్లో పట్లు ఒక భాగమే. ప్రమాదం ముందుగా పసిగట్టడం, తెలిసినవాడిని ఎదిరించడానికి అడ్డొచ్చే మొహమాటాన్ని దాటడం, నోటితో గట్టిగా చెప్పడం, చేతులతో విడిపించుకోవడం, అన్నీ మాటల్లోనూ చేతల్లోనూ సాధన చేయించారు. ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవారు కరపత్రాల గుంపులో 9.8 శాతం, తరగతులకు వెళ్లిన గుంపులో 5.2 శాతం. పన్నెండు గంటల శిక్షణ దాదాపు సగం ముప్పును తప్పించింది. మూడు నెలలు చేతిలో ఉన్న మన బడులు ఇంతకన్నా ఎక్కువే చేయగలవు. గంటలకు కొదవ లేదు, వాటిని వాడే తీరు మారాలి.

మార్చడం కష్టమూ కాదు. మొదటి వారం మెత్తగా పట్టుకోవాలి, రెండో వారం సగం బలంతో, తర్వాత పూర్తి బలంతో, ఆ పైన ఎటు నుంచి పట్టుకుంటారో చెప్పకుండా. తప్పిపోయిన ప్రతిసారీ మళ్లీ మొదలు. కర్రసాముకు బెత్తం మీద స్పాంజి చుట్టి, క్రికెట్ హెల్మెట్, ప్యాడ్లు కడితే కుర్రాళ్లు వరస వదిలేసి నిజంగా తాకించుకోవచ్చు. తలకు మాత్రం గట్టి దెబ్బలు వద్దు. తలకు పదే పదే దెబ్బలు తిన్న బాక్సర్ల మెదడు దెబ్బతింటుందని అమెరికన్ వైద్యుడు హ్యారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడు. వరస సాధననూ పారేయనక్కర్లేదు. అది అక్షరాభ్యాసం, అందులో తరాల జ్ఞాపకం ఉంది. ఓనమాల దగ్గరే చదువు ఆపేయకుండా ఉంటే చాలు.

పల్నాడు బడుల్లోని వ్యాయామ ఉపాధ్యాయులకు, కర్రసాము ఇంకా నిలబెడుతున్న వస్తాదులకు ఒక విన్నపం. వారానికి ఒక్క పూట, ప్రేక్షకులు లేని చోట, పిల్లల్ని ఒకరికొకరు లొంగకుండా సాధన చేయనివ్వండి. తల్లిదండ్రులు కూడా ఈసారి వార్షికోత్సవంలో ప్రదర్శన అయ్యాక మనసారా చప్పట్లు కొట్టి, ఆ తర్వాత మాస్టారి దగ్గరికి వెళ్లి ఒక్క మాట అడగండి: వదలని చేతిని మా అమ్మాయి ఇప్పటిదాకా ఎన్నిసార్లు విడిపించుకుంది?